చేతికి అందని 4 మిల్లీమీటర్లు

గోదావరికి ఎర్రనీరు వచ్చింది, పులస పడుతోంది. దాంతోపాటే ఆట నోట్ల గొడవా మళ్లీ లేచింది. నరసాపురం నుంచి యానాం దాకా గట్టు మీద చేపలమ్మే ఆడవాళ్ల రొంటిలో ‘చిల్డ్రన్ బ్యాంక్ ఆఫ్ ఇండియా’ అని అచ్చేసిన అయిదొందల రూపాయల కాగితాలు తేలుతున్నాయి. తప్పు అవి అమ్మిన ఫ్యాన్సీ షాపుదా, చూసుకోకుండా తీసుకున్నవాళ్లదా అన్నదే పేచీ.

1946, 1978 నోట్ల రద్దుల దగ్గర మొదలుపెట్టక్కర్లేదు. అప్పటి పెద్ద నోట్లు చేపల బుట్ట దాకా వచ్చినవి కావు. 2016 నవంబరు 8 రాత్రి సంగతి, ఆ తర్వాతి క్యూలు అందరికీ గుర్తే. నన్నడిగితే అసలు మలుపు రద్దు కాదు, ఆ తర్వాత వచ్చిన నోట్ల కొలత.

పాత వంద నోటు పొడవు 157 మిల్లీమీటర్లు, అయిదొందలు 167, వెయ్యి 177. ఒక్కోదానికీ సెంటీమీటరు తేడా. కొత్తవాటిలో వంద 142, రెండొందలు 146, అయిదొందలు 150. అంటే తేడా 4 మిల్లీమీటర్లే. వెడల్పు మూడింటికీ 66. కొత్త సైజులకు తగ్గట్టు దేశంలో ఏటీఎంలన్నిటినీ అప్పట్లో మార్చాల్సి వచ్చింది. మనుషుల చేతుల సంగతి ఎవరికీ పట్టలేదు.

తెల్లవారుజామున, పొలుసు అంటిన తడి చేత్తో నోటు అందుకుని, మడిచి రొంటిన దోపుకుని, వెంటనే మళ్లీ కత్తిపీట మీద చేప తిప్పాలి. ఇదివరకు మడిచేటప్పుడే ఎంత నోటో తెలిసిపోయేదంటారు. ఇప్పుడు అయిదొందల నోటుకు రెండంచులా అయిదేసి ఉబ్బెత్తు గీతలున్నాయి, తడి వేలికి అవెక్కడ తగులుతాయి? పోనీ దీపానికి ఎత్తి చూద్దామంటే ‘మమ్మల్నే అనుమానిస్తావా’ అంటూ కొనేవాళ్లకు కోపం, వెనకాల నిలబడ్డవాళ్లకు తొందర. తీరా ఎండెక్కాక, ఐసు డబ్బులు కట్టేచోట బండారం బయటపడుతుంది. వేలంపాట సొమ్ము అప్పటికే పడవ వాళ్లకు ముట్టి ఉంటుంది, కాబట్టి పోయిందంతా ఆవిడదే. పులస అయితే ఒక్క చేపకే వేలు.

షాపులవాళ్లు తాము అమ్మేది పెళ్లి ఊరేగింపుల్లో జల్లడానికి, దండలకు, పిల్లల ఆటకే అంటారు. రిజర్వ్ బ్యాంకు పేరు కూడా వాటి మీద లేదంటారు. చదివితే తెలుస్తుంది, నిజమే. కానీ 2017 ఫిబ్రవరిలో ఢిల్లీ సంగం విహార్‌లో ఈ బాపతు రెండు వేల రూపాయల కాగితాలు ఏకంగా ఏటీఎంలోంచే వచ్చాయి.

దొంగనోటు అచ్చేస్తే శిక్ష యావజ్జీవం దాకా ఉంది. మోసపోయేంతగా నోటును పోలిన కాగితం తయారుచేసినా, వాడినా, ఎవరికైనా ఇచ్చినా భారతీయ న్యాయ సంహిత 182వ సెక్షన్ కింద జరిమానా మహా అయితే 300 రూపాయలు. పాత ఐపీసీలో అయితే వందే.

ఫోన్‌పే పెట్టుకోవచ్చుగా అనే సలహా కూడా వినపడుతోంది. చాలా బుట్టలకు క్యూఆర్ స్టిక్కర్ ఉంది. కాకపోతే ఆ ఖాతా కొడుకుదో అల్లుడిదో. అందుకే ఆవిడ నోటే అడుగుతుంది.