ఉగ్గుగిన్నెలో ఏం పోయాలి?

తిరుపతిలో ఒక కాన్పుల ఆసుపత్రికి ఎదురుగా ఉన్న మందుల షాపు. మొన్న సాయంత్రం ఒక పెద్దావిడ చిన్న అట్టపెట్టెను తిప్పి తిప్పి చూస్తూ షాపతన్ని అడుగుతోంది. "ఏం నాయనా, దీన్ని పాలల్లో కలపాల్నా, ఉత్తదే నోట్లో వెయ్యాల్నా?" పెట్టెలో డ్రాపర్‌తో ఒక బుల్లి సీసా. ప్రోబయోటిక్ చుక్కలు. అంటే బతికున్న మంచి బ్యాక్టీరియా. "రోజుకు అయిదు చుక్కలవ్వా, నేరుగా నోట్లోనే" అన్నాడతను. ఆవిడ కొంగుముడి విప్పి నోట్లు లెక్కపెడుతూ తనలో తాను అనుకున్నట్టు అనింది: "మేము తేనె నాకిస్తే నర్సమ్మ అరిచె. ఇప్పుడు డబ్బులిచ్చి చుక్కలు కొనమనిరి."

షాపతను నవ్వి ఊరుకున్నాడు. ఆవిడ అడిగింది మాత్రం నవ్వి వదిలేసే సంగతి కాదు. పుట్టిన బిడ్డ కడుపులోకి ముందుగా ఏది పోవాలన్న తగువు నూట నలభై ఏళ్లుగా డాక్టర్ల మధ్య కూడా నడుస్తూనే ఉంది.

మాది పాకాల దగ్గర పల్లె. మా అవ్వ దగ్గర ఇత్తడి ఉగ్గుగిన్నె ఒకటుండేది. అరచేతిలో ఇమిడేంత గిన్నె, ఒక పక్క పిట్ట ముక్కులా సాగిన మూతి. ఆ మూతిని బిడ్డ పెదవి మీద ఆనించి వంచితే చుక్క చుక్కగా దిగేది. మొదట ఆముదం, తర్వాత తేనె, కొన్ని ఇళ్లలో పంచదార నీళ్లు. కొన్నాళ్లకు వసకొమ్మును సానరాయి మీద అరగదీసి నాలుకకు రాసేవాళ్లు, మాటలు తొందరగా వస్తాయని. 'వస పోసిన పిట్టలా' అంటామే, ఆ వస ఇదే. తల్లికి మొదటి రెండు మూడు రోజులు వచ్చే ముర్రుపాలు మాత్రం పిండి పారబోసేవాళ్లు. చిక్కగా, పచ్చగా ఉన్నాయి, బిడ్డకు అరగవట. ఆవు ఈనిందంటే జున్నుపాల కోసం వీధి వీధంతా గిన్నెలు పట్టుకొచ్చే ఊళ్లోనే ఈ పని జరిగేది. దూడ తల్లి మొదటి పాలు మనకు కావాలి, మన బిడ్డకు మాత్రం తల్లి మొదటి పాలు వద్దు!

అవ్వను తప్పుపట్టేముందు ఆమె లెక్కేమిటో చూడాలి. పుట్టిన బిడ్డ నల్లగా, తారులా జిగటగా మొదటి దొడ్డికి పోతుంది. ఆ మురికి బయటికి వెళితేనే కడుపు శుభ్రపడుతుందని, అందుకు ఆముదం కావాలని ఆమె నమ్మకం. మురికి బయటికి పోవాలన్న దాకా ఆమె మాట నిజమే. అయితే ఆ పని చేయడానికి ప్రకృతి పెట్టిన విరేచనకారి ముర్రుపాలే. పారబోసిందీ దాన్నే.

ఆ నల్లటి మలాన్ని మైక్రోస్కోప్ కింద పెట్టి చూసిన పిల్లల డాక్టరు థియోడోర్ ఎషెరిక్. ఆయన 1885లో జర్మనీలోని మ్యూనిక్‌లో పసిబిడ్డల మలాన్ని పరీక్షించాడు. పుట్టిన క్షణంలో అందులో సూక్ష్మజీవులేవీ కనబడలేదు. కొన్ని గంటలు గడిచేసరికి మాత్రం కుప్పలుగా ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని విడదీసి ఆయన వర్ణించాడు. తర్వాత ఆయన పేరే పెట్టిన ఆ క్రిమి మనందరికీ తెలిసిన ఈ.కోలై. ఇప్పుడు ఆ పేరు వింటే కలుషిత నీళ్లు గుర్తొస్తాయి. ఎషెరిక్ చూసింది మాత్రం ఆరోగ్యంగా ఉన్న బిడ్డల కడుపులో నిక్షేపంగా కాపురముంటున్న క్రిమిని. దాని బంధువులే పసిపిల్లల విరేచనాలకు కారణమవుతాయని 1945లో లండన్‌లో జాన్ బ్రే అనే డాక్టరు చూపించేదాకా చాలామంది గట్టిగా నమ్మలేదు. ఒకే ఇంటిపేరు, ఒకడు కాపరి, ఒకడు దొంగ. నవజాత శిశువుల ఇన్ఫెక్షన్ల కథలో అసలు చిక్కంతా ఇదే.

పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో హెన్రీ టిస్సియే 1899-1900 ప్రాంతంలో ఇంకో సంగతి పట్టుకున్నాడు. తల్లిపాలు తాగే బిడ్డల మలంలో రెండుగా చీలిన కొమ్మలాంటి బ్యాక్టీరియా ఒకటి విపరీతంగా ఉంది. అదే బిఫిడోబ్యాక్టీరియా. విరేచనాలయ్యే బిడ్డలకు దీన్ని ఇచ్చి చూస్తే ఎలా ఉంటుందని కూడా ఆయన ఆలోచించాడు. అంటే ఆ షాపులో పెద్దావిడ పట్టుకున్న సీసా ఆలోచన నూట ఇరవై ఏళ్ల నాటిది.

ఆ బ్యాక్టీరియా తల్లిపాల బిడ్డల దగ్గరే ఎందుకంత దట్టంగా ఉంటుంది? దీనికి జవాబు రావడానికి ఇంకో యాభై ఏళ్లు పట్టింది. 1950లలో అమెరికాలో పాల్ గ్యోర్గి బృందం తల్లిపాలలో ఆ క్రిమిని పెంచే పదార్థాలున్నాయని తేల్చింది. అవి ఒక రకం చక్కెరలు. ఇప్పటికి దాదాపు రెండు వందల రకాలు గుర్తించారు. పాలచక్కెర, కొవ్వు తర్వాత తల్లిపాలలో ఎక్కువగా ఉండే ఘనపదార్థం ఇదే: లీటరుకు 5 నుంచి 15 గ్రాములు, ముర్రుపాలలో అంతకంటే ఎక్కువ. వింత ఏమిటంటే వీటిని బిడ్డ అరిగించుకోలేదు. తొమ్మిది నెలలు మోసిన తల్లి ఒంట్లో శక్తి ఖర్చుపెట్టి బిడ్డకు పనికిరాని చక్కెరను ఎందుకు తయారు చేస్తుంది? అది బిడ్డకు కాదు, బిడ్డ పేగులో ఉండే బిఫిడోబ్యాక్టీరియాకు. అవి ఆ చక్కెరను తిని ఆమ్లాలు వదులుతాయి. ఆ పులుపులో క్లెబ్సియెల్లా లాంటి దొంగ క్రిములు నిలదొక్కుకోలేవు. మన ఇళ్లలో పాలు తోడుపెట్టినట్టే. తోడు సరైనదైతే పెరుగు, కాకపోతే పాలు విరుగుతాయి. మా అవ్వకు ఈ పోలిక చెప్పుంటే ముర్రుపాలు పారబోసేది కాదేమో.

తేనె సంగతి 1976లో బయటపడింది. కాలిఫోర్నియాలో కొందరు పసిబిడ్డలు మెడ వాల్చేసి, పాలు పీల్చలేక, గుడ్డపేలికల్లా అయిపోయారు. క్లోస్ట్రీడియం బోటులినమ్ అనే బ్యాక్టీరియా బీజాలు వాళ్ల పేగుల్లో మొలకెత్తి విషం తయారుచేశాయి. ఆ బీజాలు తేనెలో ఉండొచ్చని తర్వాత తేలింది. అదే తేనె మనం తింటే ఏమీ కాదు. పెద్దవాళ్ల పేగులో క్రిముల గుంపు అప్పటికే జాగా ఆక్రమించుకుని ఉంటుంది, కొత్త బీజానికి మొలిచే చోటు దొరకదు. ఏడాది నిండని బిడ్డ పేగు ఇంకా సగం ఖాళీ పొలం. జబ్బు అరుదైనదే. అయినా ఏడాదిలోపు తేనె వద్దని నర్సమ్మ అరవడం వెనక ఇంత కథ ఉంది. ఆ అరుపుతో పాటు ఈ నాలుగు ముక్కలూ చెప్పుంటే పెద్దావిడ ఇంటికెళ్లి పక్కింటావిడకు కూడా చెప్పేది.

క్రిములు వచ్చే దారి నోరొక్కటే కాదు, బొడ్డు కూడా. కొడవలితోనో పాత బ్లేడుతోనో బొడ్డుతాడు కోసి, దాని మీద పేడో బూడిదో పెట్టే రోజుల్లో ధనుర్వాతం వచ్చి వారం పది రోజుల్లోనే బిడ్డలు పోయేవాళ్లు. గర్భిణులకు టీటీ ఇంజెక్షన్లు, ఆసుపత్రి కాన్పులు పెరిగాక ఆ పీడ తగ్గింది. 2003లో నవజాత ధనుర్వాతాన్ని నిర్మూలించినట్టు నిర్ధారణ పొందిన మొదటి రాష్ట్రం ఆంధ్రప్రదేశే. దేశం మొత్తానికి ఆ మాట అనడానికి 2015 దాకా పట్టింది. మనం చెప్పుకోదగ్గ విజయమే, ఎందుకో ఎక్కడా చెప్పుకోం.

ఈలోగా డబ్బాపాలు వచ్చాయి. పేద దేశాల్లో కలుషిత నీళ్లతో, పలచగా కలిపిన డబ్బాపాలు తాగి బిడ్డలు చనిపోతున్నారన్న గొడవ 1970లలో ప్రపంచమంతా పాకింది. 1981 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సభ డబ్బాపాల ప్రచారానికి హద్దులు పెడుతూ నియమావళి తెచ్చింది. అనుకూలంగా 118 ఓట్లు, వ్యతిరేకంగా ఒక్కటే. ఆ ఒక్కటీ అమెరికాది. మన దేశంలో 1992లో చట్టం వచ్చింది, 2003లో దాన్ని ఇంకా బిగించారు. రెండేళ్లలోపు పిల్లల కోసమని పాలపొడికి ప్రకటన ఇవ్వకూడదు, డబ్బా మీద బిడ్డ బొమ్మ ఉండకూడదు, ఉచిత శాంపిళ్లు పంచకూడదు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: పాలపొడి డబ్బా మూత తీయకముందు కూడా పూర్తిగా క్రిమిరహితం కాదు. క్రోనోబ్యాక్టర్ అనే క్రిమి పొడిలో బతికుండగలదు. అందుకే కనీసం 70 డిగ్రీల వేడి నీళ్లతో కలిపి, చల్లార్చి ఇవ్వాలంటారు. గోరువెచ్చని నీళ్లలో కలిపేస్తే సరిపోతుందనుకుంటాం.

ఇప్పుడు రాష్ట్రంలో నూటికి 96 కాన్పులు ఆసుపత్రిలోనే. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) లెక్క ఇది. మొత్తం కాన్పుల్లో 42 శాతం పైగా సిజేరియన్లు. మామూలు కాన్పులో బిడ్డ తల్లి క్రిములను ఒంటికి, నోటికి పూసుకుంటూ బయటికొస్తుంది. సిజేరియన్ బిడ్డకు ఆ అవకాశం తక్కువ. బ్రిటన్‌లో దాదాపు ఆరు వందల బిడ్డల మలం పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, సిజేరియన్ బిడ్డల పేగుల్లో ఆసుపత్రుల్లో తిరిగే ఎంటెరోకాకస్, క్లెబ్సియెల్లా ఎక్కువగా కనబడ్డాయి. పైగా ఆపరేషన్ అయిన తల్లి మత్తులో, నొప్పిలో ఉంటే తొలిపాలు ఆలస్యమవుతాయి. ఆ సందులోకే పక్క మంచం వాళ్ల సలహా దూరుతుంది.

ఆసుపత్రి క్రిములంటే మాటలు కాదు. 2011-14 మధ్య ఢిల్లీలోని మూడు పెద్ద ఆసుపత్రుల్లో నవజాత శిశువుల రక్తంలో దొరికిన క్రిముల్లో అసినెటోబ్యాక్టర్, క్లెబ్సియెల్లా, ఈ.కోలై ముందున్నాయి. అసినెటోబ్యాక్టర్‌లో 80 శాతం పైగా పలు యాంటీబయోటిక్స్‌కు లొంగనివి. పుట్టిన మూడు రోజుల్లోపే ఎక్కువ ఇన్ఫెక్షన్లు మొదలయ్యాయి. చేతులు కడగకుండా బిడ్డను ముట్టుకోవద్దని వార్డు బయట చుట్టాలతో గొడవపడే ఆయమ్మ మీద అప్పట్లో నాకూ కోపమొచ్చింది. ఈ లెక్కలు చదివాక పోయింది.

ఈ పరిస్థితుల్లోనే ప్రోబయోటిక్స్ మీద ఆశలు లేచాయి. 2017లో వచ్చిన ఒడిశా అధ్యయనం దానికి మూలం. 149 పల్లెల్లో 4,556 మంది బిడ్డలకు సగం మందికి లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే బ్యాక్టీరియాను, దానికి తిండిగా ఒక చక్కెరను కలిపి వారం రోజులు ఇచ్చారు. ఒళ్లంతా పాకే తీవ్రమైన ఇన్ఫెక్షన్ (సెప్సిస్) లేదా మరణం 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గింది. చిన్న ఫలితం కాదు. కానీ ఆ వార్త పాకినంతగా మూడు వివరాలు పాకలేదు. అక్కడ వాడింది ఒక ప్రత్యేకమైన రకం, షాపులో దొరికే ప్రతి సీసాలోనూ అది ఉండదు. ఆ బిడ్డలు నెలలు నిండినవాళ్లు లేదా దాదాపు నిండినవాళ్లు, రెండు కిలోలకు తగ్గనివాళ్లు. అందరూ అప్పటికే తల్లిపాలు తాగుతున్నారు. తర్వాతి ఏడాది అమెరికా, కెనడాల్లో విరేచనాలతో వచ్చిన పిల్లల మీద వేరే రకాలతో చేసిన రెండు పెద్ద పరీక్షల్లో ఏ లాభమూ కనబడలేదు. 2023 అక్టోబరులో అమెరికా ఔషధ సంస్థ, నెలలు నిండని ఒక బిడ్డ ప్రోబయోటిక్‌లోని బ్యాక్టీరియాతోనే ఇన్ఫెక్షన్ వచ్చి చనిపోయిందని హెచ్చరిక జారీ చేసింది. కాపరి కూడా, బలహీనమైన ఇంట్లో, దొంగ కావచ్చన్నమాట. డాక్టరు చూసి, బిడ్డను బట్టి రాస్తే ఒక లెక్క. పక్కింటి బిడ్డకు వేశారని కొనడం, నా దృష్టిలో, తేనె నాకించడానికి పెద్దగా తేడా లేని పని.

ఆరు నెలలు దాటాక కథ వేరే మలుపు తిరుగుతుంది. పళ్లు వస్తుంటే విరేచనాలవుతాయని మనవాళ్లు తేలిగ్గా తీసుకుంటారు. పళ్లు ఏమీ చేయవు. ఆ వయసులో బిడ్డ నేల మీద దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటుంది, తల్లి నుంచి వచ్చిన రక్షణ కూడా అప్పటికే పలచబడుతుంది. అప్పుడు కావలసింది ఓఆర్ఎస్, పద్నాలుగు రోజులు జింకు. ఓఆర్ఎస్ పేరుతో అమ్మే తీపి పానీయాల మీద హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆ పేరు వాడొద్దని ఆహార ప్రమాణాల సంస్థ ఆదేశించింది.

చిత్తూరు వాళ్లకు జబ్బు ముదిరితే దిక్కు వేలూరు. ఆ వేలూరు కూడా భాగంగా ఎనిమిది దేశాల్లో బిడ్డలను పుట్టుక నుంచి రెండేళ్లు వెంటాడి చూసిన అధ్యయనం ఒకటుంది. విరేచనాలు లేని బిడ్డల మలంలో కూడా రోగకారక క్రిములు దొరికాయి, వాటి భారం ఎక్కువున్న బిడ్డలు ఎత్తు తక్కువ పెరిగారు. చూడ్డానికి బాగానే ఉంటారు, తిన్నది ఒంటికి పట్టదు. 2021లో ఢాకా మురికివాడల్లో బక్కచిక్కిన పిల్లలకు శనగపిండి, సోయా, పచ్చి అరటికాయ, వేరుశనగ కలిపిన ఆహారం మూడు నెలలు పెడితే, ఎక్కువ కేలరీలున్న మామూలు పౌష్టికాహారం కంటే బాగా బరువు పెరిగారు. పేగులోని మంచి క్రిములను పెంచేలా ఎంచిన తిండి అది. ఆ నాలుగింటిలో వేరుశనగ, అంటే మా చెనిక్కాయలు, మన నేల పంట. చదివినప్పుడు మా అవ్వ రోట్లో దంచిన చెనిక్కాయల పొడి వాసన ముక్కుకు తగిలింది.

ఈమధ్య చుట్టాల బిడ్డ నెల ముందే పుడితే నవజాత శిశువుల వార్డు అద్దం దగ్గర నిలబడి చూశాను. నర్సు చేతులు కడుక్కుని, ఉడకబెట్టిన స్టీలు గిన్నె ఒకటి తీసింది. చిన్న గిన్నె, ఒక పక్క సాగిన మూతి. దాన్ని వాళ్లు పాలాడై అంటారు, తమిళ మాట. రొమ్ము పట్టి చీకలేని బిడ్డలకు దీంతోనే పోస్తారు, కడగడం కూడా తేలికట. తల్లి పిండి ఇచ్చిన పాలు, చిక్కగా పసుపు పచ్చగా ఉన్నాయి, అందులో పోసి బిడ్డ కింది పెదవి మీద మూతి ఆనించింది. కొంచెం వంచింది, ఆగింది. బిడ్డ గుటక వేసింది. మళ్లీ వంచింది.