సినిమా చూసి కదిలిపోయాక, కొనడం మానేశాక: అపోహలు - వాస్తవాలు

డాక్యుమెంటరీలు ప్రదర్శించడం, వాటి మీద చర్చ నడిపించడం, ఆ చర్చకు వచ్చినవారిని వినియోగదారుల ఉద్యమాల వైపు కూడగట్టడం నా పని. ఏ ప్రదర్శన తర్వాతైనా ఎవరో ఒకరు దగ్గరికి వచ్చి, “ఈ రోజు నుంచి ఆ కంపెనీ వస్తువు మా ఇంట్లో అడుగుపెట్టదండి” అంటారు. ఆ మాటలోని నిజాయితీని నేను ఎన్నడూ శంకించలేదు. అయితే ఆ మాట దగ్గరే ఆగిపోయిన ఆవేశం ఎవరికీ అక్కరకు రాకుండా చల్లారిపోవడం పదే పదే చూస్తున్నాను కనుక, ముఖ్యంగా ‘నేను మానేస్తే చాలు’ అన్న అపోహ గురించే వివరంగా రాస్తున్నాను.

అపోహ: నేను కొనడం మానేస్తే చాలు, కంపెనీ దారికొస్తుంది.

వాస్తవం: చెప్పకుండా మానేసిన కొనుగోలు ఎవరి కంటా పడదు. అమ్మకాల లెక్కలో అది కాస్త తగ్గిన ఒక అంకె మాత్రమే. ఆ తగ్గుదలకు కారణం ధర పెరగడమా, పోటీ కంపెనీ ఇచ్చిన డిస్కౌంటా, లేక ఫ్యాక్టరీలో కార్మికుల ప్రాణాలకు రక్షణ లేదన్న మీ కోపమా అన్నది ఆ అంకె చెప్పదు. అందుకే మీ త్యాగానికి జవాబుగా కంపెనీ మరో ఆఫర్ ప్రకటించి ఊరుకుంటుంది.

బానిసల శ్రమతో పండించిన చక్కెరను వాడబోమని 1791లో బ్రిటన్‌లో మొదలైన ఉద్యమం ఈ విషయాన్ని ఆనాడే గ్రహించింది. 1820ల నాటి నీలి గాజు చక్కెర గిన్నె ఒకటి బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. దాని మీద ‘ఈస్టిండియా చక్కెర, బానిసలు తయారు చేసినది కాదు’ అని బంగారు అక్షరాలతో రాసి ఉంటుంది. టీ తాగడానికి వచ్చిన ప్రతి అతిథీ ఆ అక్షరాలు చదవక తప్పదు. అప్పటికి ఓటు హక్కు లేని స్త్రీలు తమ వంటింటి నిర్ణయాన్ని ఆ విధంగా పదిమందిలోకి తెచ్చి, దానితోపాటే పార్లమెంటుకు అర్జీల మీద అర్జీలు పంపారు. బానిసల వ్యాపారం 1807లో నిషేధానికి గురైంది, బానిసత్వ రద్దు చట్టం 1833లో వచ్చింది. చక్కెర మానేయడం ఒక్కటే ఇదంతా సాధించిందని నేను అనను. మానేసినవారు ఇంట్లో మౌనంగా కూర్చోలేదని మాత్రం అంటాను.

అమెరికాలోని మోంట్‌గోమరీ నగరంలో, బస్సుల్లో నల్లజాతివారిని వేరుగా కూర్చోబెట్టడాన్ని నిరసిస్తూ వారు చేపట్టిన బస్సుల బహిష్కరణ 1955 డిసెంబరు 5న మొదలై 381 రోజులు సాగింది. తెల్లవారి కోసం సీటు వదలనన్న రోసా పార్క్స్ ధైర్యం అందరికీ తెలుసు గాని, ఆమె అరెస్టయిన రాత్రి ఒక మహిళా సంఘం తెల్లవారేలోపు వేల కరపత్రాలు అచ్చు తీసిందన్న సంగతి, ఉద్యోగాలకు వెళ్లేవారి కోసం కార్లు ఏ వీధిలో ఎన్ని గంటలకు ఆగాలో ముందే నిర్ణయించారన్న సంగతి చాలామందికి తెలియవు. నడవలేని వృద్ధురాలిని పనికి చేర్చే ఏర్పాటు లేకపోతే ఆమె పట్టుదల ఎంత గొప్పదైనా వారం దాటి నిలవదు. బహిష్కరణతోపాటే కోర్టులో దావా కూడా నడిచింది.

బహిష్కరణ ఎందుకు మొదలుపెట్టామో చెప్పినంత స్పష్టంగా, ఏది జరిగితే విరమిస్తామో కూడా చెప్పాలి. శిశువుల పాలపొడి ప్రచారానికి వ్యతిరేకంగా నెస్లే మీద 1977లో అమెరికాలో మొదలైన బహిష్కరణకు ఆ స్పష్టత తోడైంది. తల్లిపాల ప్రత్యామ్నాయాల ప్రచారంపై ప్రపంచ ఆరోగ్య సభ 1981లో నియమావళిని ఆమోదించాక, దాన్ని పాటిస్తామని కంపెనీ ఒప్పుకున్నందున 1984లో బహిష్కరణ ఆపారు; మాట నిలబెట్టుకోవడం లేదంటూ 1988లో మళ్లీ మొదలుపెట్టారు.

ఈ అపోహ వల్ల అసలు నష్టం మరొకటుంది. ఏం కావాలో చెప్పని కోపం కొన్నిసార్లు మనం కాపాడాలనుకున్నవారి మీదే పడుతుంది. బాలకార్మికులు తయారు చేసిన వస్తువుల దిగుమతిని నిషేధించాలని 1990ల తొలి ఏళ్లలో అమెరికా సెనేట్‌లో ఒక బిల్లు వచ్చింది. అది చట్టం కాలేదు. అయినా దాని భయంతోనే బంగ్లాదేశ్ గార్మెంట్ ఫ్యాక్టరీలు సుమారు 50,000 మంది పిల్లలను పనిలోంచి తీసేశాయని యూనిసెఫ్ అంచనా వేసింది. వారిలో చాలామంది బడికి వెళ్లలేదు; రాళ్లు కొట్టే పనికి, అంతకన్నా ప్రమాదకరమైన పనులకు వెళ్లారు. ఆ తర్వాత 1995లో ఫ్యాక్టరీ యజమానుల సంఘం, అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్‌ఓ), యూనిసెఫ్ కలిసి ఒప్పందం చేసుకుని, పిల్లలకు బడి, నెలవారీ భృతి, ఇంట్లో పెద్దవారికి ఉద్యోగావకాశం ఏర్పాటు చేశాకగాని పరిస్థితి కుదుటపడటం మొదలుకాలేదు.

గార్మెంట్ ఫ్యాక్టరీల మీద తీసిన ఒక డాక్యుమెంటరీ ప్రదర్శనలో, ఇక ఆ బ్రాండ్లు ముట్టుకోమని హాలంతా చేతులెత్తింది. చివరి వరుసలో కూర్చున్న ఒకామె మాత్రం లేచి, “నేను కాలర్లు కుడతానమ్మా. మీరందరూ కొనడం మానేస్తే ముందు పని పోయేది నాది. మా మెట్ల దారికి వేసిన తాళం తీయించండి, చాలు” అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి ఏ ప్రదర్శన తర్వాతైనా నేను ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: అక్కడ పనిచేసేవారు మన నుంచి ఏం కోరుతున్నారు?

2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో గార్మెంట్ ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా భవనం కూలి 1,134 మంది చనిపోయినప్పుడు కూడా, ముందురోజే గోడల్లో పగుళ్లు చూసిన కార్మికులను బలవంతంగా లోపలికి పంపారు. ఆ తర్వాత కొన్ని వారాలకే కుదిరిన ‘అకార్డ్’ ఒప్పందం బ్రాండ్లను బంగ్లాదేశ్ వదిలి వెళ్లమనలేదు; అక్కడే ఉండి ఆర్డర్లు కొనసాగించమంది, స్వతంత్ర తనిఖీలకు ఒప్పుకోమంది, ఆ నివేదికలను బహిరంగంగా పెట్టమంది. కార్మిక సంఘాలతో చట్టబద్ధంగా కట్టుబడిన ఒప్పందం అది. బ్రాండ్లు దాని మీద సంతకం చేయడానికి దుకాణాల ముందు నిలబడి పేరు పెట్టి ప్రశ్నించిన కొనుగోలుదారుల ఒత్తిడి కూడా కారణమే.

అపోహ: ఒక్క సినిమా చట్టాన్ని మార్చేస్తుంది.

వాస్తవం: సినిమా తలుపు తోస్తుంది, తలుపు అవతల మనుషులు సిద్ధంగా ఉంటేనే పని జరుగుతుంది. బెల్జియంలో యువత ఉపాధి చట్టాన్ని 1999 నాటి ‘రోసెట్టా’ సినిమాయే తెచ్చిందని ఇప్పటికీ చెప్పుకుంటారు గాని, ఆ చట్టం అప్పటికే తయారైందని దర్శకులే స్పష్టం చేశారు. దక్షిణ కొరియాలో బధిర పిల్లల పాఠశాలలో జరిగిన లైంగిక హింస మీద 2011 సెప్టెంబరులో ‘దోగాని’ విడుదలైంది. పదమూడేళ్లలోపు పిల్లల మీద, వికలాంగుల మీద జరిగే లైంగిక నేరాలపై కేసు నడపడానికి ఉన్న కాలపరిమితి తొలగించే సవరణ అక్టోబరు చివరికల్లా ఆమోదం పొందింది. అంత వేగం సినిమా ఒక్కదానిది కాదు. ఆ నేరాలు 2005లోనే బయటపడ్డాయి, అప్పటి నుంచీ కొందరు ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, పౌర సంఘాలు పోరాడుతూనే ఉన్నారు. ప్రేక్షకుడి కన్నీరు వారి ఏళ్ల శ్రమకు తోడైంది. కాబట్టి ప్రదర్శన ఏర్పాటు చేసేవారికి నా విన్నపం: సినిమా ఎంపిక చేయకముందే ఆ సమస్య మీద పనిచేస్తున్న సంఘాన్ని వెతకండి, హాలు ఖాళీ అయ్యేలోపు ప్రేక్షకుడు చేయగలిగిన పని ఒకటి సిద్ధంగా ఉంచండి.

అపోహ: ఫోన్లో వచ్చే బహిష్కరణ జాబితాలు, గుర్తులు నమ్మదగినవే.

వాస్తవం: కావు. బార్‌కోడ్‌లోని తొలి మూడు అంకెలు ఆ నంబరును ఏ దేశపు జీఎస్1 (బార్‌కోడ్ నంబర్లు ఇచ్చే) సంస్థ జారీ చేసిందో చెబుతాయే తప్ప, వస్తువు ఎక్కడ తయారైందో చెప్పవు. టూత్‌పేస్ట్ ట్యూబు తోక మీది రంగు చతురస్రం, యంత్రం ఎక్కడ కత్తిరించి మడవాలో సెన్సర్‌కు చూపే గుర్తు. ఆ రంగును బట్టి పేస్టులో రసాయనాలున్నాయో లేదో తెలుస్తుందన్నది వట్టి పుకారు. ఇటువంటి పుకార్లు పంచేవారి మీద నాకు ఓర్పు తక్కువ, ఎందుకంటే ఒక అబద్ధపు పిలుపు బయటపడినప్పుడల్లా తర్వాత వచ్చే నిజమైన పిలుపును కూడా జనం నమ్మరు.

అపోహ: ఆ వస్తువే వాడుతూ ప్రశ్నించే అర్హత నాకు లేదు.

వాస్తవం: ఈ సంకోచం నన్ను నిజంగా బాధిస్తుంది, ఎందుకంటే దీనితో వెనక్కి తగ్గేవారు ఎక్కువగా మంచివారే. పిల్లలకు చవకగా దొరికే బట్టలు అవే అయినప్పుడు అవే కొంటారు. అది నేరం కాదు. కంపెనీ జవాబు చెప్పుకోవలసింది ముందుగా తన కొనుగోలుదారుకే. ఇదే సంకోచంతో ఒక తల్లి నా దగ్గర కంటతడి పెట్టుకున్నారు. కొన్న చొక్కా లేబుల్ ఫొటో, బిల్లు నంబరు జతచేసి, ఈ చొక్కా ఏ ఫ్యాక్టరీలో కుట్టారు, అక్కడి అగ్నిమాపక తనిఖీ నివేదిక ఎక్కడ చూడవచ్చు అని కంపెనీకి రెండు వాక్యాల లేఖ రాయమన్నాను. “మీ అభిప్రాయానికి ధన్యవాదాలు” అని జవాబు వచ్చింది. ఆమె అదే ప్రశ్నను కంపెనీకి మళ్లీ పంపి, దాని నకలు కార్మిక సంఘానికి కూడా పంపారు. ఈసారి ఫ్యాక్టరీల జాబితా వచ్చింది. అందులో కొన్నింటికి చిరునామాలు లేవు. వాటి కోసం ఆమె మూడో లేఖ రాస్తున్నారు.