ఎలుక పాదం వాపు ఏ గంటలో తగ్గింది?

వావిలాకు వేసి కాచిన నీళ్లతో బాలింతకు స్నానం చేయించడం మన ఇళ్లలో పాత అలవాటే. ఆ ఆకు రసానికి వాపు తగ్గించే గుణం నిజంగా ఉందా అని ఫార్మసీ కాలేజీ ల్యాబులో తేల్చాలంటే, జంతు నైతిక కమిటీ అనుమతి వచ్చాక, తరచుగా మొదట పట్టేది ఎలుక పాదాన్నే.

1962లో వింటర్, ఆయన సహచరులు రాసిన కారాజీనన్ పరీక్ష ఇది. కారాజీనన్ అంటే సముద్రంలో పెరిగే ఎర్ర రకం నాచు నుంచి తీసిన జిగురు. ఐస్‌క్రీమ్ చిక్కబడటానికి కలిపేదీ అదే. సెలైన్‌లో 1 శాతం చొప్పున కలిపి ముందురోజే నానబెట్టుకోవాలి. అప్పటికప్పుడు కలిపితే ఉండలు కట్టి సూదికి అడ్డుపడుతుంది. అప్పుడు ఒక ఎలుకకు ఎక్కినంత ఇంకోదానికి ఎక్కదు. 150–200 గ్రాముల ఎలుకకు మందు నోట్లో పట్టించి, గంటాగి, వెనక పాదం అరికాలి చర్మం కింద 0.1 మి.లీ. కారాజీనన్ ఎక్కిస్తారు.

వాపు కొలిచేది ప్లెథిస్మోమీటర్‌తో. చీలమండ దగ్గర ఇంకుతో గీత గీసి, సరిగ్గా అక్కడిదాకా పాదాన్ని ముంచితే, పక్కకు జరిగిన ద్రవమే పాదం ఘనపరిమాణం. కాలు గీత దాటి మునిగితే లేని వాపు కనిపిస్తుంది. అందుకే అన్ని గంటల్లోనూ ఒకే చెయ్యి కొలవాలి, ఆ చేతికి ఏ ఎలుక ఏ గుంపుదో తెలియకూడదు.

లెక్కలో చాలామంది జారేది ఒకచోటే. ఉదాహరణకు మొదట 1.00 మి.లీ. ఉన్న పాదం, మూడో గంటకు మందులేని గుంపులో 1.70 అయింది, మందిచ్చిన గుంపులో 1.35 అయింది అనుకుందాం. పెరుగుదలలు 0.70, 0.35, అంటే వాపు సగం తగ్గింది. మొత్తం పరిమాణాలనే పోల్చితే సుమారు 21 శాతమే తగ్గినట్టు వస్తుంది!

ఇంతకంటే ముఖ్యం గంట. వాపు పుట్టించే రసాయనాలు ఒంట్లోనే వంతులవారీగా విడుదలవుతాయి. మొదటి గంట వాపు ఎక్కువగా హిస్టమిన్, సెరటోనిన్‌ల పని. తర్వాత బ్రాడీకైనిన్, సుమారు మూడో గంటకు ప్రోస్టాగ్లాండిన్లు అందుకుంటాయి. డైక్లోఫెనాక్, ఇండోమెథాసిన్ లాంటి వాపు మాత్రల దెబ్బ ప్రధానంగా ఈ చివరి అంకం మీదే. మీ రసం మొదటి గంటలోనే పనిచేసి మూడో గంటకు చేతులెత్తేస్తే, డైక్లోఫెనాక్ దారిలో పోతోందని రాసుకోవడం తొందరపాటు. గంట చెప్పకుండా ‘50 శాతం తగ్గింది’ అనే వాక్యానికి విలువ లేదు. రసాన్ని నోట్లో పట్టించకుండా పొట్టలోకి ఇంజెక్ట్ చేస్తే ఇంకో తిరకాసు: అక్కడ అది మంట పుట్టించి, ఆ దెబ్బకే పాదం వాపు తగ్గవచ్చు.

నొప్పి పరీక్షలు ఇంతకన్నా గడుసువి. చిట్టెలుక పొట్టలోకి 0.6 శాతం అసిటిక్ ఆమ్లాన్ని కిలో బరువుకు 10 మి.లీ. లెక్కన ఎక్కిస్తే, అది పొట్ట బిగబట్టి, ఒళ్లు సాగదీసి, వెనక కాళ్లు చాపుతుంది. ఐదు నిమిషాలు వదిలి, తర్వాతి ఇరవై నిమిషాల్లో ఎన్నిసార్లు అలా చేసిందో లెక్కపెడతారు. ఆస్పిరిన్ ఆ లెక్కను బాగా తగ్గిస్తుంది. ఇంకో పరీక్షలో చిట్టెలుకను 55 డిగ్రీల వేడి పలక మీద పెట్టి, పాదం నాకడానికో గెంతడానికో ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తారు. అదే ఆస్పిరిన్ ఇక్కడ పెద్దగా రాణించదు. ఇక్కడ నల్లమందు నుంచి వచ్చే మార్ఫిన్‌దే రాజ్యం. పాదం నాకకపోయినా, గెంతకపోయినా 15 సెకన్లకు చిట్టెలుకను తీసేయాలి, లేదంటే కాలిపోతుంది.

మత్తెక్కిన చిట్టెలుకా మెలికలు తిరగదు, కండరాలు సడలినదీ తిరగదు. అందుకే అదే మోతాదు ఇచ్చిన వేరే చిట్టెలుకల్ని తిరిగే రోటరాడ్ కడ్డీ మీద నిలబెట్టి చూస్తారు. టపటపా రాలిపడితే, ముందు వచ్చిన అంకెల్ని నొప్పి తగ్గిందనడానికి సాక్ష్యంగా చూపలేం.