యంత్రం కళను మింగేసిందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

గ్రాఫిక్ డిజైన్ పనిలో ఉన్నందువల్ల ఈ మాటలు తరచుగా నా చెవిన పడుతుంటాయి.

అపోహ: ఫొటోగ్రఫీ రాగానే చిత్రకళ పని అయిపోయింది.

వాస్తవం: 1839లో తొలితరం ఫొటో తీసే విధానమైన డాగెర్ పద్ధతి పారిస్‌లో వెల్లడయ్యాక గట్టిగా దెబ్బతిన్నది చిన్న సైజు రూపచిత్రాలు గీసి బతికేవారు. మిగతా చిత్రకారులను కెమెరా కంటే ఎక్కువగా మార్చింది రంగు నింపే తగరపు గొట్టమేనంటాను. అంతకుముందు నూరిన తైలవర్ణాన్ని పంది మూత్రాశయపు సంచుల్లో కట్టి ఉంచేవారు. ఒకసారి పొడిచాక దాన్ని సరిగా మూయడం కుదిరేది కాదు, రంగు ఎండిపోయేది. 1841లో జాన్ గాఫ్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు నొక్కి రంగు తీసుకునే తగరపు గొట్టానికి పేటెంటు పొందాడు. రసాయన పరిశ్రమ కొత్త రంగులిచ్చింది, రైలు చిత్రకారులను పల్లెల దాకా తీసుకెళ్లింది. వెలుగు మారేలోగా ఆరుబయటే బొమ్మ పూర్తిచేయడం ఫ్రెంచ్ చిత్రకారుడు మొనే తరానికి తేలికైంది ఇందువల్లే. పైగా ఇంప్రెషనిస్టులుగా పేరుపడిన ఈ తరం చిత్రకారులు 1874లో తొలి ప్రదర్శన పెట్టింది ఫొటోగ్రాఫర్ నాడార్ పాత స్టూడియోలో. పగవాడి వాకిట్లో ఎవరైనా పందిరి వేసుకుంటారా?

అపోహ: 19వ శతాబ్దపు ఇంగ్లిష్ డిజైనర్ విలియం మోరిస్ యంత్రాన్ని గడప తొక్కనివ్వలేదు.

వాస్తవం: ఆయన కోపం నాసిరకం సరుకు మీద, పనివాళ్ల దుస్థితి మీద. తన కెల్మ్‌స్కాట్ ముద్రణాలయానికి 'గోల్డెన్' అక్షరాలు రూపొందించేటప్పుడు 15వ శతాబ్దపు వెనిస్ అచ్చును ఫొటోలు తీయించి, పెద్దవి చేయించి, వాటిని చూస్తూనే చేయి తిప్పాడు.

అపోహ: జర్మనీ డిజైన్ పాఠశాల బౌహౌస్ వస్తువులన్నీ ఫ్యాక్టరీ సరుకు.

వాస్తవం: ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. 1919లో వైమార్‌లో మొదలైన ఆ పాఠశాల 1923కల్లా కళకూ సాంకేతికతకూ కొత్త ఐక్యత అనే నినాదం ఎత్తుకుంది. అక్కడి ప్రసిద్ధమైన గాజు దీపం అచ్చంగా యంత్రం చేసినట్టే ఉంటుంది. తొలి దీపాలను చేసింది మాత్రం వర్క్‌షాపులో, చేత్తో. చూపుకు చవక సరుకు, ధరకు చేతిపని కావడంతో వ్యాపారులు నవ్వుకున్నారని దాని రూపకర్త వాగెన్‌ఫెల్డే తర్వాత గుర్తుచేసుకున్నాడు. యంత్రం చేసినట్టు కనిపించే వస్తువును గీయడం వేరు, యంత్రం తేలిగ్గా చేయగలిగిన వస్తువును గీయడం వేరు. రెండోది కుర్చీల తయారీదారు తోనెట్‌కు అరవై ఏళ్ల ముందే పట్టుబడింది. 1859 నాటి ఆయన 14వ నంబరు కుర్చీకి ఆరు కొయ్య భాగాలు, పది స్క్రూలు, రెండు నట్లు చాలు. విడదీస్తే ఒక ఘనమీటరు పెట్టెలో 36 కుర్చీలు పట్టేవి.

అపోహ: కంప్యూటర్ వచ్చాక డిజైన్ సులువైపోయింది.

వాస్తవం: అక్షరాలు పేర్చడం సులువైంది. ఏది ఉంచాలో, ఏది తీసేయాలో తేల్చుకోవడానికి మునుపటంత సమయమే పడుతోంది. కాకపోతే ఒక్క నమూనా అడిగేవారు ఇప్పుడు డజను అడుగుతున్నారు.