ఇంగ్లీషు దాచింది ‘ఉన్న’ చూపిస్తుంది

ఒక పాఠకురాలు అడిగారు: “‘డిస్కస్ అబౌట్’ తప్పంటారు, ‘డిస్కషన్ అబౌట్’ ఒప్పంటారు. ఒకే మాటకు రెండు న్యాయాలేమిటండీ?”

ఈ ప్రశ్న నాకు చాలా నచ్చింది. దీనికి జవాబు ఇంగ్లీషు గ్రామర్ పుస్తకంలో కంటే ముందు మన తెలుగులోనే దొరుకుతుంది. ‘బిల్లును చర్చించారు’ అంటాం. ‘బిల్లును చర్చ’ అనం. ‘బిల్లుపై చర్చ’, ‘బిల్లు గురించి చర్చ’ అంటాం. క్రియకు తన కర్మను నేరుగా పట్టుకునే బలం ఉంది. అదే మాట నామవాచకంగా మారగానే ఆ బలం పోతుంది, మధ్యలో ఇంకో మాట సాయం కావాలి. ఇంగ్లీషు నామవాచకానిదీ ఇదే పరిస్థితి. ‘రిక్వెస్ట్’ క్రియ అయితే పక్కన ఏమీ అక్కర్లేదు, నామవాచకమైతే ‘రిక్వెస్ట్ ఫర్’. ‘మ్యారీ’ ఒంటరిగా నడుస్తుంది, ‘మ్యారేజ్’కి ‘టు’ కావాలి. ‘డిస్కస్ అబౌట్’ అనేవాళ్లు నామవాచకం పక్కన విన్న ప్రిపొజిషన్‌ను తెచ్చి క్రియకు తగిలిస్తున్నారు. పొరపాటే, కానీ కారణం ఉన్న పొరపాటు.

ఒకప్పుడు ఇంగ్లీషు నామవాచకాలకూ విభక్తి ప్రత్యయాలు ఉండేవి. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచిన తర్వాతి రెండు మూడు శతాబ్దాల్లో అవి దాదాపుగా అరిగిపోయాయి. షష్ఠీ విభక్తి గుర్తు ఒక్కటే ‘కింగ్స్’, ‘జాన్స్’ లాంటి చోట్ల చివరి ‘స్’గా మిగిలింది. మిగతా బరువంతా ప్రిపొజిషన్ల మీద పడింది, అందులోనూ ఎక్కువ భాగం ‘ఆఫ్’ మీద. అసలు ‘ఆఫ్’ (of)కి పాత అర్థం ‘నుంచి’, ‘దూరంగా’. స్విచ్ ఆఫ్ చేయడంలోని ‘ఆఫ్’ (off) కూడా ఆ మాటే. తర్వాత స్పెల్లింగులు విడిపోయి రెండు మాటలయ్యాయి.

బడిలో ‘ఆఫ్ అంటే యొక్క’ అని నేర్పుతారు. ఇది పాఠం రూపంలో ఉన్న మూఢనమ్మకం అని నేను గట్టిగా అంటాను. ‘ఎ గ్లాస్ ఆఫ్ వాటర్’ నీళ్ల యొక్క గ్లాసు కాదు, గ్లాసు నీళ్లు. ‘ద సిటీ ఆఫ్ పారిస్’ అంటే పారిస్ యొక్క నగరం కాదు, పారిసే ఆ నగరం. ‘ద ఫియర్ ఆఫ్ డెత్’లో భయం చావుది కాదు, మనది. ‘ద షూటింగ్ ఆఫ్ ద హంటర్స్’ అనే ఉదాహరణను భాషాశాస్త్రవేత్త నోమ్ చామ్‌స్కీ 1957లోనే చూపించాడు. వేటగాళ్లు కాల్చారా, వేటగాళ్లను ఎవరైనా కాల్చారా? ఇంగ్లీషులో రెండూ వస్తాయి. తెలుగులో మొదటిది ‘వేటగాళ్ల కాల్పులు’, రెండోది ‘వేటగాళ్ల కాల్చివేత’. ఎక్కడా ‘యొక్క’ అవసరం రాలేదు. అలాగే ‘ప్రశ్నకు జవాబు’, ‘సమస్యకు పరిష్కారం’ అన్నప్పుడు మనం వాడే ‘కు’ ఇంగ్లీషులో ‘ఆన్సర్ టు’, ‘సొల్యూషన్ టు’ దగ్గర అచ్చంగా ‘టు’గా కనిపిస్తుంది. ‘యొక్క’ను పక్కనపెట్టిన పిల్లవాడికి ఇది తనంతట తానే తెలుస్తుంది.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి. ‘ద బుక్ ఆన్ ద టేబుల్’, ‘ద డిస్కషన్ ఆన్ ద బిల్’. చూడటానికి రెండూ ఒకే అచ్చు. తెలుగులో చెప్పి చూడండి: ‘బల్ల మీద ఉన్న పుస్తకం’, ‘బిల్లు మీద చర్చ’. మొదటిదానిలో ‘ఉన్న’ వచ్చింది, రెండోదానిలో రాలేదు. పుస్తకానికి బల్లతో పుట్టుకతో సంబంధం లేదు. ప్రస్తుతానికి అక్కడ ఉంది, అంతే. చర్చ అలా కాదు, దేనిమీదో జరగకపోతే అది చర్చే కాదు. తనలోనే ఖాళీ ఉన్న నామవాచకం ఆ ఖాళీని నింపే మాటను నేరుగా కలుపుకుంటుంది. పైనుంచి వచ్చి చేరే అదనపు సమాచారానికి మాత్రం ‘ఉన్న’ అనే అతుకు కావాలి. ‘సంగీతం మీద ఉన్న ఆసక్తి’ అని కూడా అంటాం కదా అనొచ్చు. అంటాం, కానీ అందులో ‘ఉన్న’ తీసేసినా ‘సంగీతం మీద ఆసక్తి’ నిక్షేపంగా నిలబడుతుంది. ‘పొడవు జుట్టు ఉన్న విద్యార్థి’లో తీసేస్తే మాట కూలిపోతుంది. పరీక్ష అదే: తీసి చూడాలి.

ఆ విద్యార్థినే ఇంకాస్త చూద్దాం. ‘ఎ స్టూడెంట్ ఆఫ్ ఫిజిక్స్ విత్ లాంగ్ హెయిర్’ సరైన ఇంగ్లీషు. తిరగేసి ‘ఎ స్టూడెంట్ విత్ లాంగ్ హెయిర్ ఆఫ్ ఫిజిక్స్’ అంటే వినడానికే ఇబ్బంది, జుట్టు భౌతికశాస్త్రానిది అన్నట్టుంటుంది. తెలుగులో ‘పొడవు జుట్టు ఉన్న భౌతికశాస్త్ర విద్యార్థి’ అంటాం. ‘భౌతికశాస్త్ర పొడవు జుట్టు ఉన్న విద్యార్థి’ అనం. రెండు భాషలనూ పక్కపక్కన పెట్టండి. ఇంగ్లీషులో విశేషాలు నామవాచకానికి కుడివైపు, మనకు ఎడమవైపు, అంటే అద్దంలో బింబంలా. దిక్కు మారింది కానీ దూరం మారలేదు. రెండిటిలోనూ భౌతికశాస్త్రం విద్యార్థిని ఆనుకుని ఉంది, జుట్టు దాని అవతల ఉంది. ఇంగ్లీషులో ‘వన్’ అనే మాట కూడా ఈ తేడాను గుర్తుపడుతుంది. ‘ద వన్ విత్ లాంగ్ హెయిర్’ అనొచ్చు. విద్యార్థి గురించి ‘ద వన్ ఆఫ్ ఫిజిక్స్’ అనడం కుదరదు. ‘వన్’ అన్నప్పుడే విద్యార్థితో పాటు అతని చదువు కూడా అందులోకి వెళ్లిపోయింది.

పదాలు పెరిగే కొద్దీ ఈ అతుకు కనిపించకపోవడం ఎంత ఇబ్బందో తెలుస్తుంది. ‘ఐ సా ద మ్యాన్ ఇన్ ద పార్క్ విత్ ద టెలిస్కోప్’ అనే వాక్యానికి ఐదు నిర్మాణాలున్నాయి. వాటిని ‘ఉన్న’తో విడదీద్దాం. టెలిస్కోపు ఉన్న పార్కులో ఉన్న మనిషిని చూశాను. పార్కులోనూ ఉన్న, చేతిలో టెలిస్కోపూ ఉన్న మనిషిని చూశాను. పార్కులో ఉన్న మనిషిని టెలిస్కోపుతో చూశాను. టెలిస్కోపు ఉన్న పార్కులో నేనుండి మనిషిని చూశాను. పార్కులో నేనుండి టెలిస్కోపుతో మనిషిని చూశాను. ‘పార్కులో’ అన్నది ‘చూశాను’ అనే క్రియకు చెంది, టెలిస్కోపు మనిషికి చెందే ఆరో అర్థం కూడా ఉండాలి కదా? ఆ వరుసలో ఇంగ్లీషు దాన్ని ఒప్పుకోదు. ఒక పదబంధం తన ముందున్నదాన్ని దాటి వెనక్కి వెళ్లి క్రియను పట్టుకున్నాక, మధ్యలో మిగిలిన నామవాచకానికి తలుపు మూసుకుపోతుంది. ప్రతి పదబంధం నుంచి అది పట్టుకున్న మాటకు గీత గీసి చూస్తే ఆ గీతలు ఒకదాన్నొకటి ఖండించుకుంటాయి.

గీతలు ఖండించుకోకూడదన్న ఈ ఒక్క నియమం నేరుగా గణితంలోకి తీసుకెళ్తుంది. క్రియ, కర్మ తర్వాత ఒక ప్రిపొజిషన్ పదబంధం ఉంటే 2 నిర్మాణాలు, రెండుంటే 5, మూడుంటే 14, నాలుగుంటే 42, ఐదుంటే 132. ఇవి కాటలాన్ సంఖ్యలు. 19వ శతాబ్దపు బెల్జియం గణితవేత్త యూజీన్ కాటలాన్ పేరుతో ప్రసిద్ధం. ఒక బహుభుజిని కర్ణాలు ఖండించుకోకుండా త్రిభుజాలుగా ఎన్ని రకాలుగా కోయగలం అన్న లెక్కకూ ఇవే జవాబు: చతుర్భుజాన్ని 2 రకాలుగా, పంచభుజిని 5 రకాలుగా, షడ్భుజిని 14 రకాలుగా కోయొచ్చు. వాక్య నిర్మాణాల్లో ఈ సంఖ్యలే వస్తాయని 1982లో కెన్నెత్ చర్చ్, రమేశ్ పాటిల్ అనే పరిశోధకులు చూపించారు. చదువుతున్నప్పుడు మనకు ఈ 42 దారులూ కనిపించవు. అర్థం తెలిసిన మెదడు ఒక దారి పట్టుకుని వెళ్లిపోతుంది.

అర్థం తెలియని కంప్యూటర్‌కు ఇదే పెద్ద చిక్కు. 1994లో రత్నపర్ఖీ, రేనార్, రూకోస్ అనే పరిశోధకులు ఒక చక్కని కొలత తీశారు. వాక్యంలోంచి క్రియ, నామవాచకం, ప్రిపొజిషన్, దాని తర్వాతి నామవాచకం అనే నాలుగు మాటలే ఇచ్చి, ప్రిపొజిషన్ క్రియను పట్టుకుందో, ముందున్న నామవాచకాన్ని పట్టుకుందో చెప్పమని వాక్య విశ్లేషణలో ఆరితేరినవాళ్లను అడిగారు. 88.2 శాతం సరిగ్గా చెప్పారు. మొత్తం వాక్యం చూపిస్తే 93.2 శాతం. అంటే ఇంత చదువుకున్నవాళ్లు కూడా, పూర్తి వాక్యం కళ్ల ముందే ఉండగా, వందలో ఆరేడు చోట్ల తడబడ్డారు. ఇంగ్లీషు ఈ అతుకును ఎంత లోతుగా దాచిందో దీన్నిబట్టి ఊహించండి. మన పిల్లలకు మాత్రం ‘ఇన్’ పెట్టాలా ‘ఆన్’ పెట్టాలా అని ఖాళీలు పూరించడం ఒక్కటే నేర్పుతున్నారు. ఆ ‘ఇన్’ ఏ మాటను పట్టుకుని ఉందో అడిగే పాఠం నాకు ఎక్కడా కనిపించలేదు. అలాంటిది ఒకటి ఉండాలని నా గట్టి కోరిక.

ఇంతా చెప్పాక, మన ‘ఉన్న’ అన్ని తాళాలూ తీస్తుందనుకోకండి. 1988లో కువెటోస్, మిచెల్ అనే ఇద్దరు పరిశోధకులు ఇలాంటి వాక్యం ఇచ్చారు: ‘బాల్కనీలో ఉన్న నటి పనిమనిషిని ఎవరో కాల్చారు’. ఇంగ్లీషులో ఆ వరుస ‘పనిమనిషి ఆఫ్ నటి, హూ వాజ్ బాల్కనీలో’ అన్నట్టుగా వస్తుంది. బాల్కనీలో ఉన్నది ఎవరు? ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు ఎక్కువగా నటి అన్నారు. అదే వాక్యాన్ని స్పానిష్‌లో చదివినవాళ్లు పనిమనిషి వైపు మొగ్గారు. పైన నేను రాసిన తెలుగు వాక్యంలో ‘ఉన్న’ ఉండి కూడా సాయపడలేదు, అది నటినైనా పట్టుకోవచ్చు, పనిమనిషినైనా పట్టుకోవచ్చు. ‘నటి దగ్గర పనిచేసే, బాల్కనీలో ఉన్న మనిషిని’ అని మాటల వరుస మార్చాల్సిందే. మొదటిసారి చదివినప్పుడు మీ మనసులో బాల్కనీలో నిలబడింది ఎవరు?