ఆపిల్ ఆకు తిప్పి చూశారా?

చి. బుజ్జికి, చిన్నాకి,

తాతయ్య ఆశీస్సులు. మీరు సిమ్లా దగ్గర ఆపిల్ తోటలో తీసిన ఫోటో అందింది. ఆకులు ఎండకు మాడాయా అని అడిగారు. ఫోటో చూసి తేల్చి చెప్పలేను గానీ, ఆ కంచు రంగు చూస్తే నాకు నల్లి మీదే అనుమానం.

మంచాల్లో ఉండే నల్లి కాదర్రా, ఇది మొక్కల మీది నల్లి, ఇంగ్లీషులో మైట్. ఇది పురుగు కాదు, సాలీడు చుట్టం. ఎనిమిది కాళ్లు, గుడ్డులోంచి వచ్చిన పిల్లకు మాత్రం ఆరే. ఆకు కణాల్లోని రసం పీల్చేస్తుంది. ముందు సన్నటి తెల్ల చుక్కలు పడతాయి, ముదిరితే ఆకంతా కంచు రంగుకు తిరుగుతుంది.

ఆపిల్ మీద ముఖ్యంగా రెండు రకాలు. యూరోపియన్ ఎర్రనల్లి ముదురు ఎరుపు, వీపు మీద వెంట్రుకల మొదట్లో తెల్లటి చుక్కలు. రెండోది రెండు మచ్చల నల్లి, మన బెండ, వంగ తోటల్లోనూ ఉంటుంది. లేత పసుపు ఒంటికి రెండు పక్కలా నల్ల మచ్చలు, ఆకు వెనక సాలెగూడు లాంటి సన్నటి గూడు. ఎర్రనల్లి చలికాలం గుడ్డుగా గడుపుతుంది. కొమ్మ కణుపుల దగ్గర ఎర్రపొడి చల్లినట్టు కనిపించేది అదే. రెండోదాని ఆడనల్లులు బెరడు కింద, రాలిన చెత్తలో దాక్కుంటాయి. అందుకే మొగ్గ విచ్చే వేళ కొట్టే నూనె మొదటిదాని మీదే బాగా పనిచేస్తుంది: పొదగబోయే గుడ్డుకు ఊపిరాడదు.

ఇక లెక్క. ఒక్క చెట్టు చూసి తోటంతా ఇంతేననుకోకూడదు. నాలుగైదు చోట్ల చెట్ల మధ్య ఎత్తు నుంచి ఆకులు కోసి, వెనక వైపు ఈనె పక్కన వెతకాలి. న్యూయార్క్ తోటలకు కార్నెల్ యూనివర్సిటీ వాళ్లు మందు కొట్టడానికి పెట్టిన హద్దు ఆకుకు సగటున జూన్‌లో 2.5, జులైలో 5, ఆగస్టులో 7.5 నల్లులు. జూన్‌లో కాయ ఊరుతూ, వచ్చే ఏటి పూమొగ్గ కూడా కట్టే సమయం, కాబట్టి చెట్టు తక్కువే ఓర్చుకుంటుంది. హిమాచల్‌కు ఆ అంకెలే దించుకోనక్కర్లేదు, తర్కం మాత్రం అదే.

నల్లిని తినే నల్లులూ ఉన్నాయి. లేత రంగులో నిగనిగలాడుతూ, బేరిపండు ఆకారంలో, చురుగ్గా పరుగెడతాయి. సింథటిక్ పైరిత్రాయిడ్ అనే రకం పురుగుమందు కొడితే ముందు పోయేవి ఇవే. ఆ తర్వాత ఎర్రనల్లికి అడ్డుండదు. మందు కొట్టాక నల్లి పెరిగిందని రైతు వాపోవడం వెనక ఉన్న కథ చాలాసార్లు ఇదే. అందుకని వీటినీ లెక్కలో రాసుకోవాలి.

ఈసారి పది రెట్లు పెద్దగా చూపే లెన్సు తీసుకెళ్లండి. లెన్సును కంటికి ఆనించి, ఆకును దగ్గరకు తెచ్చుకోవాలి. చాలామంది తిరగేసి చేసి, ఏమీ కనపడలేదంటారు.

మీ తాతయ్య