దమ్ము వార్డు సిస్టర్‌కి రోజూ వినపడే అపోహలు, అసలు సంగతులు

మృగశిర కార్తె దగ్గర పడిందంటే చాలు, అందరిదీ ఒకటే ప్రశ్న. "సిస్టర్, నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌ల చేప మందు తింటే ఇగ పంపు బంద్ చేయొచ్చా?" అని. చేయొద్దు. చేప మందుతో ఆస్తమా పోతుందని సైన్స్ రుజువేం లేదు, తినడం తినకపోవడం మీ ఇష్టం గానీ డాక్టర్ రాసిన పంపు, అదే ఇన్‌హేలర్ మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు.

"పంపు అలవాటైతే జీవితాంతం వదలదు" అంటారు, అసలు పంపుకి భయపడి మాత్ర మింగేవాళ్ళే ఎక్కువ. లెక్క చూడండి, దమ్ము తగ్గించే సాల్బుటమాల్ మందు ఒక పఫ్‌లో ఉండేది 100 మైక్రోగ్రాములు, అదే మందు 4 మిల్లీగ్రాముల మాత్రలో అంటే 40 పఫ్‌లంత ఒకేసారి ఒంట్లోకి పోతుంది, అందుకే గుండె దడ, చేతుల వణుకు. పంపు మందు నేరుగా ఊపిరితిత్తులకే పోతుంది కాబట్టి కొంచెం చాలు.

కాకపోతే లోపలికి పోవాలి కదా! ఆటో నడిపే ఒక పెద్దాయన "రెండేళ్ళ నుంచి కొడుతున్నా, పని చేస్తలేదు" అన్నాడు, ఏదీ ఒకసారి కొట్టి చూపించు బాబాయ్ అంటే నోట్లో సెంటు కొట్టుకున్నట్టు కొట్టాడు, పొగంతా బయటికే. బాగా ఊపి, ఊపిరి బయటికి వదిలేసి, మెల్లగా పీలుస్తూ నొక్కి, 10 సెకన్లు బిగబట్టాలి, అది కుదరకపోతే స్పేసర్, అంటే పంపుకి తగిలించే బోలు గొట్టం పెట్టుకోవాలి. స్టెరాయిడ్ పంపు అయితే తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నోట్లో తెల్లగా పూత వస్తుంది. ఇదంతా నేర్పడానికి ఒక్కొక్కరికి పావుగంట పడుతుంది, మా డ్యూటీలో సగం ఇదే.

ఇంకొకటి, "ఆక్సిజన్ ఎంత ఎక్కువ పెడితే అంత మంచిది". అందరికీ కాదు. ఏళ్ళ తరబడి బీడీలు తాగో కట్టెల పొయ్యి పొగ పీల్చో సీఓపీడీ, అంటే ఊపిరి గొట్టాలు దెబ్బతిని ఎప్పుడూ ఆయాసం ఉండే జబ్బు వచ్చిన వాళ్ళకి మామూలుగా సాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం 88 నుంచి 92 మధ్య ఉంచుతాం. కొడుకు రాత్రి లేచి 'నాయనకి 90 ఏ ఉంది' అని ఆక్సిజన్ ఎక్కువ తక్కువ చేసే ఫ్లోమీటర్ తిప్పేస్తాడు, పాపం ప్రేమతోనే. ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగి పెద్దాయన మత్తుగా పడుంటాడు, ఇంట్లోవాళ్ళేమో హాయిగా పడుకున్నాడని సంతోషపడతారు. నాకు భయం వేసేది ఆ నిద్ర చూస్తేనే.

"సిస్టర్ ఊరికే చెయ్యి పట్టుకుని నిలబడుతుంది" అని ఒకామె నా ముందే అంది. నాడి చూస్తున్నట్టు నటిస్తా గానీ నేను లెక్కపెట్టేది ఊపిరి. చెప్పి లెక్కపెడితే మనిషి ఊపిరి తీసే తీరు మారిపోతుంది, అందుకని ఈ దొంగ వేషం. పెద్దవాళ్ళకి నిమిషానికి 12 నుంచి 20 ఉండాలి, 28, 30 అయిందంటే మానిటర్‌లో సాచురేషన్ బాగానే ఉన్నా డాక్టర్‌కి ఫోన్ కొడతా.

టీబీ సంగతి చెప్పాలంటే ఒళ్ళు మండుతుంది. ఎర్రగడ్డ అంటే సగం మందికి మెంటల్ హాస్పిటలే గుర్తొస్తుంది, ఛాతీ ఆసుపత్రి ఉన్నదీ అక్కడే, ఆ పేరు చెప్తేనే చుట్టాలు రావడం మానేస్తారు. ఇంట్లో కోడలికైతే కంచం, గ్లాసు వేరు. అది కంచాలతో అంటదు, దగ్గు తుంపర్ల నుంచి గాలిలో అంటుతుంది, కిటికీలు తెరవండి, మాస్క్ పెట్టించండి, మందులు మధ్యలో ఆపనివ్వకండి. టీబీ ఉన్నవాళ్ళ తిండికని ప్రభుత్వం ఇచ్చే నిక్షయ్ పోషణ్ కింద నెలకి 1000 రూపాయలు వస్తాయి, అడిగి రాయించుకోండి.

ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీరో గాలో తీయడానికి ఛాతీకి ట్యూబ్ వేసినప్పుడు కింద పెట్టే బాటిల్‌లో నీళ్ళు ఊపిరితో పాటు పైకీ కిందకీ ఆడుతుంటే కంగారు పడొద్దు, అవి అలాగే ఆడాలి. బాటిల్ మాత్రం ఛాతీ కంటే కిందే ఉండాలి, పైకి లేపితే అందులోది వెనక్కి లోపలికి పోతుంది. మొన్న ఒకాయన దాన్ని టిఫిన్ క్యారేజీలా భుజానికి తగిలించుకుని బాత్రూమ్‌కి బయల్దేరాడు, నేను కారిడార్ ఆ చివర నుంచి పరిగెత్తా.